పిల్లి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది, ఎల్లుండే పాలకమండలి ఓటింగ్. ఏం చెయ్యాలి?

మెట్లదారి
మా నల్లన్నకి మూత్రనాళం మూసుకుపోయి ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. క్యాథెటర్ (మూత్రం బయటికి రావడానికి పెట్టిన సన్నటి గొట్టం) తీసేసి ఇవాళ సాయంత్రం ఇంటికి పంపారు. ఐదేళ్ల మగపిల్లి. మొదటి కొన్ని రోజుల్లో మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువట, మూత్రం పోస్తున్నాడో లేదో కనిపెట్టుకుని ఉండమన్నారు డాక్టరు. ఇంట్లో నేనొక్కదాన్నే. పైగా మొన్నటిదాకా వాడితో ఒకే దుప్పటి మీద పడుకున్న మిర్చి (ఆడపిల్లి, వాడికంటే పెద్దది) ఇప్పుడు వాణ్ని చూస్తే చాలు బుస కొడుతోంది.

రెండో సంగతి. మా ఊరి కాలేజీ పాలకమండలిలో నేను పూర్వ విద్యార్థుల ప్రతినిధిని. ఎల్లుండి సాయంత్రం మీటింగ్. హాస్టల్ కొత్త బ్లాకు కాంట్రాక్టు అజెండాలో ఉంది. ఇవ్వాలనుకుంటున్న సంస్థ అధ్యక్షుడి బావమరిదిది. మండలిలో సీట్లు 9, ఒకటి ఖాళీ. ఉన్న 8 మందిలో నలుగురు అటు, నలుగురు ఇటు. నేను వెళ్లకపోతే 4-3తో పాసైపోతుంది. వెళ్తే ఎప్పుడు తిరిగొస్తానో చెప్పలేను, ఆ మీటింగులు అర్ధరాత్రి దాకా సాగిన రోజులున్నాయి.

వాణ్ని వదిలి వెళ్లొచ్చా? వెళ్లకుండా ఓటు వేసే దారి ఏమైనా ఉందా? రెండు విషయాలూ తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నా.

రాత్రిషిఫ్టు
వదిలి వెళ్లొద్దు. మా వాడికి ఇంటికొచ్చాక మూడో రోజునే మళ్లీ మూసుకుపోయింది. పొద్దున తిన్నాడు, కిటికీలో కూర్చున్నాడు, అంతా బాగుందనుకున్నాం. మధ్యాహ్నం లిట్టర్ బాక్సులో (పిల్లి మలమూత్రాలకి ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే డబ్బా) కూర్చుని ముక్కుతున్నాడు, బయటికొస్తున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు. గొంతు మారిపోయింది. ఆ అరుపు వింటే తెలిసిపోతుంది. ఇంట్లో మనిషి ఉన్నారు కాబట్టి బతికాడు.

కొసరు
మండలిలో ఒక సీటు ఖాళీ అన్నారుగా, నల్లన్న చేత నామినేషన్ వేయించండి. మీటింగ్ మీ ఇంట్లోనే పెట్టొచ్చు.

పాతబెంచీ
ఇందులో ఆలోచించేదేముంది? మీతో కలిపి నలుగురూ మానెయ్యండి. సీట్లు 9 అయితే కోరం, అంటే మీటింగ్ జరగడానికి కనీసం ఉండాల్సిన మంది, 5 అయి ఉంటుంది. అటువాళ్లు నలుగురే. కోరం లేక మీటింగే జరగదు. మీరు హాయిగా పిల్లి దగ్గర ఉండొచ్చు.

తెల్లకోటు
పశువైద్యంలో ఉన్నాను. మీ డాక్టరు చెప్పిందే ఫైనల్, నేను వాణ్ని చూడలేదు. ఇంట్లో ఏం గమనించాలో మాత్రం రాస్తాను.

మగపిల్లికి మూత్రనాళం చివర బాగా సన్నగా ఉంటుంది. స్ఫటికాలో, జిగురు ముద్దో, ఒక్కోసారి వాపూ కండర బిగువూ చాలు దారి మూసుకుపోవడానికి. మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే "రేపు చూద్దాం" అనే మాట ఈ జబ్బులో పనికిరాదు.

క్యాథెటర్ తీశాక లోపల మంట ఉంటుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పోయడం, కాస్త ఎరుపు కలవడం కొన్నాళ్లు ఉండొచ్చు. చూడాల్సింది మొత్తం ఎంత వస్తోందని. గడ్డకట్టే లిట్టర్ అయితే ఉండల సైజు చూడండి. శనగగింజంత ఉండలు వస్తూ పిల్లి కులాసాగా ఉంటే ఫోన్ చేసి అడగండి. ముక్కుతున్నాడు, ఏమీ రావడం లేదు, లేదా వాంతి చేసుకున్నాడు, మూలకెళ్లి ముడుచుకున్నాడు అంటే ఫోన్ కూడా దారిలోనే చెయ్యండి. పొట్ట నొక్కి చూడటం మాత్రం మీరు చెయ్యకండి, నిండిన మూత్రాశయాన్ని నొక్కితే చిట్లే ప్రమాదం ఉంది.

నొప్పికి బుప్రెనార్ఫిన్ ఇచ్చి ఉంటే కంటిపాపలు పెద్దవిగా కనిపిస్తాయి, దానికి టెన్షన్ పడొద్దు. మన మాత్రలు ఏవీ వెయ్యొద్దు. ముఖ్యంగా పారాసిటమాల్. పిల్లి కాలేయానికి దాన్ని విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ, ఒక్క మాత్రతోనే చనిపోవచ్చు.

జామచెట్టు
మిర్చి బుస కొట్టడం మామూలే. పిల్లులు ఇంటివాళ్లను ప్రధానంగా వాసనతో గుర్తుపడతాయి. నల్లన్న ఒంటి మీద ఇప్పుడు మందులు, వేరే జంతువులు, ఆస్పత్రి నేల, అన్నీ ఉన్నాయి. నాక్కోకుండా మెడకి కట్టే ఆ ప్లాస్టిక్ గరాటు కూడా ఉంటే ఆకారం కూడా మారిపోతుంది. పాపం మిర్చికి అతను పరాయివాడే.

విడి గదిలో పెట్టండి. మిర్చి పడుకునే గుడ్డ వాడి గదిలో, వాడి గుడ్డ మిర్చి దగ్గర వెయ్యండి. తిండి తలుపుకి అటొకరికి ఇటొకరికి పెట్టండి. సర్దుకుంటుందిలే అని ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, ఒకసారి కొట్టుకుంటే ఆ పగ వారాలపాటు ఉంటుంది. స్నానం చేయించాలని కూడా అనిపిస్తుంది, వద్దు.

ఇంకో సంగతి, అన్నిటికంటే ముఖ్యం. లిట్టర్ బాక్సు వేరుగా ఉండాలి. ఇద్దరికీ ఒకటే అయితే ఆ ఉండ ఎవరిదో మీకు ఎలా తెలుస్తుంది?

తెల్లకోటు
@జామచెట్టు చివరి మాటకి వంద మార్కులు. మిర్చి మూత్రం చూసి నల్లన్న బాగున్నాడనుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వేరు గదికి ఇంకో లాభం, ఈ జబ్బుకీ ఒత్తిడికీ దగ్గరి సంబంధం ఉంది. తలుపు బయట ఎవరో గుర్రుమంటూ ఉంటే కొన్ని పిల్లులు బాక్సు దగ్గరికే వెళ్లవు.

మినిట్స్‌మాస్టారు
చాలా ఏళ్లు ఒక కాలేజీ మండలికి కార్యదర్శిగా మినిట్స్ రాశాను. నాకు పిల్లి సంగతి తెలియదు, కాగితాల సంగతి చెప్తాను.

ముందుగా @పాతబెంచీ సలహా. కోరం విరగ్గొట్టడం వినడానికి బాగుంటుంది. కానీ చాలా సంస్థల నియమావళిలో ఒక వాక్యం ఉంటుంది: కోరం లేక వాయిదాపడ్డ సమావేశం మళ్లీ జరిగినప్పుడు వచ్చినవాళ్లే కోరం. అలా ఉంటే తర్వాతి వారం ఆ నలుగురే కూర్చుని పాస్ చేసేస్తారు, మీరేమీ అనలేరు. ఆ వాక్యం ఉందో లేదో చూడకుండా మానేస్తే మొదటికే మోసం.

రెండోది, ఉత్తరంలో ఓటు. చర్చ విన్నాక వెయ్యాల్సింది ఓటు అన్నది మూలసూత్రం. అందుకే నియమావళి అనుమతిస్తే తప్ప ఉత్తరం ద్వారా ఓటు గానీ, ఇంకొకరి చేత వేయించడం గానీ చెల్లదు. 1876లో హెన్రీ రాబర్ట్ సభా నిబంధనల పుస్తకం అచ్చయింది, ఇప్పటికీ చాలా సభలు దాన్నే పట్టుకుని నడుస్తున్నాయి. దాని లెక్కా ఇదే. ఫోన్‌లో పాల్గొనడానికీ నియమావళిలో చోటుండాలి, అందరికీ అందరి మాటా వినిపించాలి.

మూడోది. 4-4 అయితే తీర్మానం వీగిపోతుందని మీరు అనుకుంటున్నారు. మామూలుగా అంతే. కానీ అధ్యక్షుడికి నిర్ణాయక ఓటు, అంటే ఓట్లు సమానమైతే వేసే రెండో ఓటు, ఉందా? కొన్ని సంస్థల్లో ఉంటుంది. ఉంటే మీరు వెళ్లినా 5-4.

నియమావళి తీసి ఈ మూడూ చూసి రండి. తర్వాత మాట్లాడదాం.

పాతబెంచీ
మాస్టారూ, నేను చూసిన మండలిలో కోరం లేక ఏడాదంతా మీటింగే జరగలేదు. అక్కడ పని చేసింది.

మూడోవరుస
@పాతబెంచీ ఏడాదంతా మీటింగ్ జరగకపోతే "పని చేసింది" అంటారా? నేను హాస్టల్లో ఉంటున్నవాణ్ని, వేరే కాలేజీ. ఇద్దరికి కట్టిన గదిలో ఐదుగురం ఉన్నాం. రెండు మంచాలు కలిపి ముగ్గురు అడ్డంగా పడుకుంటారు, ఇద్దరు కింద. తలుపు పూర్తిగా తెరుచుకోదు, ట్రంకు పెట్టె అడ్డం. పరీక్షలప్పుడు మెట్ల మీద లైటు కింద చదువుతాం. మా మండలిలోనూ రెండు వర్గాలు, అందుకే కొత్త బ్లాకు అలా నానుతూనే ఉంది. కాంట్రాక్టు బావమరిదికి వెళ్లకూడదు, ఒప్పుకుంటా. కానీ ఆపినవాళ్లు ఆపి ఇంటికెళ్లిపోతే మా గదిలో ఆరోవాడు వస్తాడు.

నీలికలువ
ఈ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాతబెంచీ
బావమరిది కట్టిన బ్లాకు కప్పు కారితే ఆ ఆరుగురూ తడుస్తారు తమ్ముడూ. ఆపడమే ముందు.

మూడోవరుస
ఆపమనే అంటున్నా అన్నా. ఆపాక ఏంటన్నదే నా ప్రశ్న.

మెట్లదారి
అందరికీ కలిపి జవాబు. నల్లన్నని చిన్న గదిలో పెట్టాను, బాక్సు వేరు. రాత్రి రెండు ఉండలు, ఒకటి నిమ్మకాయంత. అంత ఆనందం నాకు డిగ్రీ వచ్చినప్పుడు కూడా కలగలేదు. మిర్చి తలుపు కింద సందులోంచి ముక్కు పెట్టి చూస్తోంది, బుస తగ్గింది.

నియమావళి చదివాను. మాస్టారూ, మీ అనుమానం నిజం. అధ్యక్షస్థానంలో ఉన్నవారికి ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు ఉంది. వాయిదాపడ్డ సమావేశానికి వచ్చినవాళ్లే కోరం అన్న వాక్యమూ ఉంది. ఫోన్ గురించి ఒక్క ముక్క లేదు. అంటే నేను వెళ్లినా ఓడిపోతాం. నిన్నటి నుంచి ఇంత మథనపడింది దేనికోసమో అర్థం కావడం లేదు.

రాత్రిషిఫ్టు
నిమ్మకాయంత! శుభం. ఫొటో పెట్టండి (పిల్లిది).

మినిట్స్‌మాస్టారు
నీరసపడకండి. ఇంకొక్క క్లాజు చూడండి. సభ్యులకు గానీ బంధువులకు గానీ లాభం ఉన్న విషయం చర్చకు వస్తే ఏం చెయ్యాలని రాసుంది? ఏ మంచి నియమావళిలోనైనా ఉంటుంది. మామూలుగా ఆ సంబంధం ముందే చెప్పాలి, ఆ అంశంపై ఓటు వెయ్యకూడదు, అధ్యక్షుడైతే ఆ కాసేపు కుర్చీ దిగాలి.

మెట్లదారి
ఉంది! "సభ్యునికి లేదా సమీప బంధువుకు ప్రయోజనం గల అంశమైతే సదరు సభ్యుడు వెల్లడించి, చర్చలోనూ ఓటింగులోనూ పాల్గొనరాదు." అధ్యక్షుడు లేనప్పుడు ఉపాధ్యక్షురాలు నడపాలని కూడా ఉంది. ఆవిడ మా వైపే.

లెక్కలపంతులు
అయితే లెక్క మారింది. అధ్యక్షుడు ఆ అంశం నుంచి తప్పుకుంటే అటు 3. మీరు వెళ్తే ఇటు 4, తీర్మానం ఓడిపోతుంది. మీరు వెళ్లకపోయినా ఇటు 3, సమానం, నిర్ణాయక ఓటు ఉపాధ్యక్షురాలిది. అప్పుడూ ఓడిపోతుంది. కోరానికీ ఇబ్బంది లేదు, 6 మంది ఉంటారు. మీ ఓటు కన్నా ఆ క్లాజు గట్టిగా చదివే గొంతు ముఖ్యం.

కొసరు
పంతులుగారు బోర్డు మీద రాసి డస్టర్ కింద పెట్టేశారు.

మినిట్స్‌మాస్టారు
లెక్క సరే. ఆయన తప్పుకుంటాడని ఎవరన్నారు? "దూరపు చుట్టం" అంటాడు, "రుజువేది" అంటాడు, "తర్వాత చూద్దాం, ముందు ఓటింగ్" అంటాడు. అనుభవంతో చెప్తున్నా, అలాంటప్పుడు గదిలో ఉన్న తలకాయల సంఖ్య పని చేస్తుంది. ఉపాధ్యక్షురాలు మొహమాటస్తురాలైతే ఇంకా కష్టం. మనిషిని పెట్టి వెళ్లండమ్మా. పక్కింటివాళ్లో, స్నేహితులో, పిల్లి తెలిసినవాళ్లు ఒక్కరు.

రాత్రిషిఫ్టు
పిల్లి తెలిసినవాళ్లకి కూడా ఈ జబ్బు తెలియదు మాస్టారూ. మా ఇంట్లో ఉన్న మనిషికి ఇదివరకు ఒకసారి చూసిన అనుభవం ఉంది, అందుకే ఆ అరుపు పట్టుకుంది. కొత్తవాళ్లు "మలబద్ధకం కాబోలు" అనుకుంటారు. చాలామంది అలాగే అనుకుంటారు కూడా.

తెల్లకోటు
రాత్రిషిఫ్టు చెప్పింది నిజం, మలబద్ధకం అని పొరబడటం చాలా మామూలు. అయితే మనిషిని పెట్టకూడదని నేననను. కాగితం మీద మూడు మాటలు రాసి గోడకి అంటించి, బాక్సు ముందు కూర్చోగల ఓపిక ఉన్న మనిషి దొరికితే కుదురుతుంది. దొరక్కపోతే కొన్ని ఆస్పత్రులు ఒక పూట చూసుకుంటాయి. కానీ ఈ పిల్లికి మళ్లీ ఆ ప్రయాణం, ఆ వాసనలు అంటే ఒత్తిడి. మిర్చితో కథ కూడా మొదటికొస్తుంది.

పరభాషాపత్రిక
కాలేజీ ప్రభుత్వ డబ్బుతో నడిచేదైతే మరో దారి కూడా ఉంటుంది. ఇండియాలో ప్రభుత్వ నిధులు గణనీయంగా అందే సంస్థలు సమాచార హక్కు చట్టం 2005 కిందికి వస్తాయి, కొటేషన్లూ మినిట్సూ అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. నేనుండే కాలిఫోర్నియాలో పబ్లిక్ కమ్యూనిటీ కాలేజీల బోర్డులకి 1953 నాటి బ్రౌన్ యాక్ట్ వర్తిస్తుంది, మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి, జనం వచ్చి మాట్లాడొచ్చు. ఇక్కడ ఇలాంటి కాంట్రాక్టు గుట్టుగా పాస్ చెయ్యడం కష్టం. మీది ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి.

మెట్లదారి
మాది సొసైటీ నడిపే ప్రైవేటు కాలేజీ, మీటింగులు లోపల్లోపలే.

ఒక నిర్ణయానికి వచ్చాను. నేను వెళ్లడం లేదు. ఇవాళ రాత్రే ఉత్తరం రాసి కార్యదర్శికీ మిగతా ఏడుగురికీ పంపుతున్నాను. అందులో ఆ క్లాజు ఉన్నదున్నట్టు, ఆ సంస్థ ఎవరి పేరున ఉందో చూపించే కాగితం నకలు, నా ఉత్తరం చదివి మినిట్స్‌లో చేర్చమని విన్నపం. మా వైపు ఉన్న రిటైర్డ్ లెక్చరర్ గారితో మాట్లాడాను. అజెండా ఆమోదం దగ్గరే లేచి అడుగుతానన్నారు. ఆయన పాఠం మొదలెడితే బెల్లు కొట్టినా ఆపేవారు కాదు.

మాస్టారూ, మీ మాట కొట్టిపారెయ్యడం లేదు. కానీ అక్కడ నా పని ఇంకొకరు చెయ్యగలరు. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

మినిట్స్‌మాస్టారు
నాకు నచ్చలేదు, అయినా మీ ఇల్లు, మీ పిల్లి. అలాగైతే ఉత్తరం చివర ఒక్క వాక్యం కలపండి: "సంబంధిత సభ్యులు వెల్లడించకుండా ఓటింగ్ జరిగితే ఆ తీర్మానం నియమావళికి విరుద్ధమని నా అభ్యంతరం." రేపు ఎక్కడికెళ్లినా ఆ వాక్యం మీ వెంట వస్తుంది.

మూడోవరుస
నాదొక విన్నపం. అదే ఉత్తరంలో కొత్త కొటేషన్లకి గడువు తేదీ కూడా అడగండి. ఆపమని మాత్రమే రాస్తే మీరే హాస్టల్‌కి అడ్డమని ప్రచారం చేస్తారు. మా దగ్గర అదే చేశారు.

మెట్లదారి
కలిపాను, రెండూ. తమ్ముడూ, నీ మాట ఇంకాస్త ముందే వినాల్సినవాళ్లు మా మండలిలో చాలామంది ఉన్నారు.

జామచెట్టు
ఇవాళేగా మీటింగ్? నల్లన్న ఎలా ఉన్నాడు?

మెట్లదారి
ఆరు దాటాక బాక్సులోకి వెళ్లడం ఎక్కువైంది. వెళ్తున్నాడు, గోకుతున్నాడు, కూర్చుంటున్నాడు, బొట్టు బొట్టు. ఒకసారి బాక్సు బయట చాప మీద కూడా. ఆస్పత్రికి ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారు. బుట్టలో పెట్టుకుని బయల్దేరుతున్నా.

రాత్రిషిఫ్టు
వెళ్లండి వెళ్లండి. రాయడం తర్వాత.

నీలికలువ
ఇక్కడే కూర్చున్నాం అందరం.

మెట్లదారి
మూసుకుపోలేదు! మూత్రాశయం చిన్నగా మెత్తగా ఉందట, అంటే ఖాళీ అవుతోంది. లోపల మంట, బిగువు వల్ల ఊరికే వెళ్తున్నాడట. మందు మార్చి, తడి ఆహారం పెంచమని పంపేశారు. ఇంటికొచ్చేసరికి మిర్చి మళ్లీ బుస. మళ్లీ గుడ్డలు మార్చడం దగ్గర్నుంచి మొదలు.

మీటింగ్ ఇంకా నడుస్తోంది. లెక్చరర్ గారి నుంచి "లేచాను" అని ఒక్క ముక్క వచ్చింది.

తెల్లకోటు
తీసుకెళ్లడం నూటికి నూరుపాళ్లు సరైన పని. మూసుకుపోయిందా మంటా అన్నది చెయ్యి పెట్టి చూస్తే తప్ప తెలియదు, ఇంట్లో తేల్చుకునేది కాదు. లోపలున్నవి స్ట్రువైట్ స్ఫటికాలైతే డాక్టరు రాసే ప్రత్యేక ఆహారంతో కరుగుతాయి. కాల్షియం ఆక్సలేట్ అయితే కరగవు. ఏవో అడిగి తెలుసుకోండి, ఆ తిండి మిర్చికి పెట్టొచ్చో లేదో కూడా అడగండి.

మెట్లదారి
మీటింగ్ సంగతి. అధ్యక్షుడు మొదట "దూరపు బంధుత్వం" అన్నాడట (మాస్టారూ, మీ నోట్లో చక్కెర పొయ్యాలి). లెక్చరర్ గారు క్లాజు చదివి, మళ్లీ చదివి, "ఇందులో దూరం కొలిచే టేపు లేదు" అన్నారట. చాలాసేపు గొడవ. చివరికి కుర్చీ దిగాడు గానీ గదిలోంచి వెళ్లలేదు. ఆయన కూర్చుని ఉండగా ఓటు వెయ్యడానికి అటువైపు ఒకరు ఇబ్బంది పడ్డారు. ఉపాధ్యక్షురాలు ఓటింగ్ పెట్టకుండా అంశాన్ని వచ్చే నెలకి వాయిదా వేయించి, అప్పటికి కొత్త కొటేషన్లు పిలవమని కార్యదర్శికి చెప్పారు. గడువు తేదీ మాత్రం వెయ్యలేదు.

పాతబెంచీ
వాయిదా! నేను మొదట్లో చెప్పిందీ అదేగా.

లెక్కలపంతులు
కాదు. మీరు చెప్పింది మీటింగే లేకుండా చెయ్యడం. ఇక్కడ మీటింగ్ జరిగింది, సంబంధం బయటపడింది, కొటేషన్లు పిలవమన్నారు.

మినిట్స్‌మాస్టారు
మీరు గదిలో ఉండుంటే ఆ గడువు తేదీ కూడా పడేదని నేను ఇప్పటికీ అంటాను. సరే. ఇప్పుడు చెయ్యాల్సింది: ముసాయిదా మినిట్స్ చేతికి రాగానే మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. అధ్యక్షుడు సంబంధం వెల్లడించినట్టు ఉందా, కుర్చీ ఎవరు నడిపారో ఉందా, మీ ఉత్తరం చేర్చారా. "చర్చ అనంతరం వాయిదా" అని ఒక్క వాక్యంతో ముగిస్తే వచ్చే నెల మినిట్స్ ఆమోదం దగ్గరే సవరణ అడగండి. ఆమోదం అయిపోయాక సరిచేయించడం మహా కష్టం.

మెట్లదారి
రాసుకున్నాను. @మూడోవరుస, గడువు తేదీ కోసం వచ్చే మీటింగులో నేనే అడుగుతాను, అప్పటికి వీడు కుదుటపడతాడు. మా హాస్టల్ గదుల్లో ఎందరున్నారో లెక్క కావాలి. వార్డెన్ ఇచ్చే లెక్క నేను నమ్మను. మీరైతే ఎలా తీస్తారు?

మూడోవరుస
వార్డెన్ లెక్క చేరినవాళ్లది. మీకు కావాల్సింది పడుకునేవాళ్లది. రాత్రి భోజనాలయ్యాక అంతస్తుకి ఒక విద్యార్థి చొప్పున గది నంబరు, మంచాలు, మనుషులు, అంతే రాయమనండి. పేర్లు వద్దు, పేర్లంటే భయపడతారు. మా దగ్గర వాడిన కాగితం నమూనా రేపు పెడతాను.